చలికాలంలో పాలు తగ్గకుండా ఆవుకి మేత ఎలా పెట్టాలి

చలి ముదిరేసరికి పాలు లీటరో రెండు లీటర్లో తగ్గితే, నెపం వెంటనే చలి మీదికి పోతుంది. నిజానికి పాలిచ్చే ఆవు చలికి మనం అనుకున్నంతగా బెదరదు. సుమారు 5 నుంచి 25 డిగ్రీల మధ్య దానికి హాయిగా ఉంటుంది. ఒళ్లు పొడిగా ఉండి, గాలి నేరుగా కొట్టకుండా, కడుపు నిండా మేత దొరికితే సున్నా కిందికి పోయినా తట్టుకుంటుంది. 150 నుంచి 200 లీటర్లు పట్టే దాని పెద్ద పొట్టలో సూక్ష్మజీవులు రాత్రింబగళ్లు మేతని పులియబెడుతూనే ఉంటాయి. ఆ పనిలో వేడి పుడుతుంది. ఎక్కువ పాలిచ్చే ఆవు ఎక్కువ తింటుంది కాబట్టి దానికి వేడీ ఎక్కువే. ఎండాకాలంలో దాన్ని రొప్పించే వేడే చలికాలంలో కాపాడుతుంది.

మరి పాలు ఎందుకు తగ్గుతాయి? పచ్చిమేత అయిపోయి ఒక్కసారిగా ఎండుగడ్డి మీద పడటం వల్ల, నీళ్లు చల్లగా ఉండి తక్కువ తాగడం వల్ల, పగలు చిన్నదై మేత వేళలు అటూ ఇటూ కావడం వల్ల. నా ఉద్దేశంలో చలికాలపు నష్టంలో పెద్ద భాగం ఈ మూడింటిదే. వాతావరణాన్ని మనం మార్చలేం కానీ ఈ మూడూ మన చేతిలో పనులు. కింద చెప్పేదంతా వాటి గురించే. చలి మొదలయ్యాక కాకుండా, ఇంకా నెలా నెలన్నర ఉండగానే మొదలుపెడితే తేలిక.

ముందు పాల లెక్క రాయండి

ఆవు ఈనిన 6 నుంచి 8 వారాలకి పాలు గరిష్ఠానికి చేరతాయి. ఆ తర్వాత నెలకి 5 నుంచి 10 శాతం చొప్పున తగ్గుతూ పోవడం సహజం. చలికాలానికి రెండు మూడు నెలల ముందు ఈనిన ఆవుల్లో ఈ మామూలు తగ్గుదల సరిగ్గా చలి ముదిరే రోజుల్లోనే కనబడుతుంది. అది తెలియక దాణా పెంచేస్తే డబ్బు దండగ, ఆవుకి కొవ్వు.

అందుకే ఆవు వారీగా రాసుకోండి: ఎప్పుడు ఈనింది, చూడి నిలిచి ఎన్ని నెలలైంది, ఏ పూట ఎన్ని పాలిచ్చింది. కొట్టంలో ఆవులన్నీ ఒకేసారి తగ్గితే మేతలోనో నీళ్లలోనో తేడా ఉన్నట్టు. ఒక్క ఆవే తగ్గితే మేత జోలికి పోకుండా ముందు దాని పొదుగు, గిట్టలు, జ్వరం చూడండి.

ఆవు బరువు, అది తినే పొడి పదార్థం

మేత లెక్క తట్టల్లో, మోపుల్లో వేస్తే చలికాలంలో మోసపోతాం. పచ్చిగడ్డిలో నూటికి 75 నుంచి 85 పాళ్లు నీళ్లే. ఎండుగడ్డిలో 10 పాళ్లు. బాగా కుదిరిన మొక్కజొన్న సైలేజ్‌లో, అంటే గాలి చొరకుండా పాతరేసి పులియబెట్టిన పచ్చిమేతలో, 65 నుంచి 70 పాళ్లు. ఆవుకి బలాన్నిచ్చేది నీళ్లు పోగా మిగిలిన పొడి పదార్థం. పాలిచ్చే ఆవు రోజుకి తన బరువులో సుమారు 3 శాతం పొడి పదార్థం తింటుంది. బాగా ఎక్కువ పాలిచ్చేవి 4 శాతం దాకా పోతాయి.

తూకం లేకపోతే టేపుతో బరువు అంచనా వేయొచ్చు. ముందుకాళ్ల వెనకగా ఛాతీ చుట్టుకొలత, భుజం ముందు భాగం నుంచి తోక పక్కన ఉండే తుంటి ఎముక చివరి దాకా పొడవు, రెండూ అంగుళాల్లో కొలవండి. చుట్టుకొలతని చుట్టుకొలతతో గుణించి, దాన్ని పొడవుతో గుణించి, 660తో భాగిస్తే కిలోలు వస్తాయి. చుట్టుకొలత 68, పొడవు 57 ఉన్న ఆవు దాదాపు 400 కిలోలన్నమాట. అయిదూ పదీ తేడా వస్తుంది కానీ మేత లెక్కకి ఇది చాలు.

ఈ 400 కిలోల ఆవుకి రోజుకి 12 కిలోల పొడి పదార్థం కావాలి. 15 కిలోల సైలేజ్‌లో 5 కిలోలు, మూడున్నర కిలోల మంచి ఎండుగడ్డిలో 3 కిలోలు, నాలుగున్నర కిలోల దాణాలో 4 కిలోలు వస్తాయి. మొత్తం 12. రోజుకి 10 లీటర్ల దాకా ఇచ్చే ఆవుకి ఇది మంచి ఆధారం.

ఇప్పుడు దీన్ని రోజులతో గుణించండి. పచ్చిమేత లేని కాలం 100 రోజులనుకుంటే ఆవు ఒక్కంటికి సైలేజ్ టన్నున్నర, ఎండుగడ్డి 350 కిలోలు. పాడయ్యేది, తొక్కిపోయేది నూటికి 15 పాళ్లు కలిపితే సైలేజ్ 1,725 కిలోలు, గడ్డి 400 కిలోలు ఉండాలి. ఇంట్లో నిల్వ ఇంతకన్నా తక్కువుంటే ఆ విషయం చలికి ముందే తెలియాలి. నడి చలికాలంలో తెలిస్తే దొరికిన గడ్డి దొరికినట్టు తెచ్చి వేయాల్సి వస్తుంది. పాలు పడిపోయేది అప్పుడే. ఆవు రోజుకి ఒక కిలో పొడి పదార్థం తక్కువ తింటే సుమారు 2 లీటర్ల పాలకి సరిపడే ఆధారం పోయినట్టని గుర్తుపెట్టుకోండి.

నిల్వ ఉన్న మేత ఎలాంటిదో చూడండి

గడ్డివాము మధ్యలో చెయ్యి పెట్టి గుప్పెడు గడ్డి లాగండి. రంగు ఎంత పచ్చగా మిగిలితే విటమిన్ ఎ తయారయ్యే కెరోటిన్ అంత మిగిలినట్టు. ఎండకీ వానకీ తెల్లబడిన గడ్డిలో అది దాదాపు ఉండదు. ఆవు నెయ్యికి పసుపు రంగునిచ్చేదీ ఈ కెరోటినే, అందుకే ఎండుమేత కాలంలో వెన్న పాలిపోతుంది. అది చూసి పాలలో కల్తీ జరిగిందని గొడవపడేవాళ్లూ ఉంటారు! లూసర్న్, అలసంద లాంటి పప్పుజాతి గడ్డి అయితే ఆకు ఉందో, ఉత్త కాడలే మిగిలాయో చూడండి. మాంసకృత్తులు ఎక్కువగా ఉండేది ఆకులోనే.

గడ్డి ముక్కిన వాసన కొట్టినా, విదిలిస్తే దుమ్ములా బూజు లేచినా పాలిచ్చే ఆవుకి వేయకండి. బూజు పట్టిన మేతలో, ముఖ్యంగా తడి తగిలిన మొక్కజొన్న, నూనె తీయగా మిగిలే వేరుశనగ చెక్క, పత్తిచెక్కల్లో అఫ్లటాక్సిన్ అనే విషం తయారవుతుంది. ఆవు కాలేయంలో అది కొద్దిగా రూపం మారి నేరుగా పాలలోకి వస్తుంది, కాచినా పోదు. బూజు పట్టినదాన్ని మంచి మేతలో కలిపి కొంచెం కొంచెం పెట్టి అవగొట్టేద్దామన్న ఆలోచన వద్దు.

సైలేజ్‌కి పుల్లటి, కాస్త తియ్యటి వాసన ఉండాలి. పాచిపోయిన వెన్న వాసన వస్తే అది సరిగ్గా పులియలేదు. ముదురు గోధుమ రంగుకి తిరిగి పొగాకు వాసన వస్తే లోపల బాగా వేడెక్కింది. ఆవు దాన్ని ఇష్టంగానే తింటుంది కానీ అందులోని మాంసకృత్తులు ఒంటికి పట్టవు. పాతర తెరిచాక రోజూ ముఖమంతా కనీసం 10 నుంచి 15 సెంటీమీటర్ల మందాన తీయండి. ఒక మూల నుంచి గుంటలా తవ్వితే మిగిలిన భాగానికి గాలి తగిలి పాడవుతుంది. గడ్డకట్టేంత చలి ఉన్నచోట గడ్డలుగా తీసిన సైలేజ్‌ని అలాగే వేయకుండా, కరిగాక ఆ రోజే తినిపించేయండి.

వరిగడ్డి లాంటి నాసిరకం గడ్డే దిక్కయితే యూరియాతో మాగబెట్టే పద్ధతి ఉంది. 100 కిలోల గడ్డికి 4 కిలోల యూరియాని 50 నుంచి 60 లీటర్ల నీళ్లలో పూర్తిగా కరిగించి, పొరలు పొరలుగా చల్లి, తొక్కి, గాలి చొరకుండా పట్టాతో మూసేయాలి. 3 నుంచి 4 శాతం ఉన్న మాంసకృత్తులు రెట్టింపు దాకా పెరుగుతాయి, గడ్డి మెత్తబడి ఎక్కువ తింటుంది. అందరూ 21 రోజులు అంటారు కానీ అది వెచ్చటి రోజుల లెక్క. వాతావరణం 5 నుంచి 15 డిగ్రీల మధ్య ఉంటే 4 నుంచి 8 వారాలు పడుతుంది. 5 కన్నా తగ్గితే ఇంకా ఎక్కువ. అందుకే ఈ పని చలికి ముందే అయిపోవాలి. పెట్టే ముందు గంటసేపు ఆరబెట్టి ఘాటు పోనివ్వండి. 6 నెలల లోపు దూడలకి పెట్టకూడదు. యూరియా నీళ్లు పశువులకి అందే చోట ఉంచారంటే ప్రాణాలకే ముప్పు.

మార్పుకి రెండు వారాలు ఇవ్వండి

పెద్ద పొట్టలో ఏ మేత పడితే దాన్ని అరిగించే సూక్ష్మజీవులే పెరుగుతాయి. పచ్చిమేతకి అలవాటుపడిన గుంపు ఎండుగడ్డికి, సైలేజ్‌కి మారడానికి 10 నుంచి 14 రోజులు పడుతుంది. రాత్రికి రాత్రి మారిస్తే ఆ రెండు వారాలూ ఆవు తిన్నదాంట్లో చాలా భాగం పేడలోకి పోతుంది. పాలు పడిపోతాయి, పడినవి మళ్లీ పూర్తిగా ఎక్కుతాయన్న భరోసా లేదు. ఈనిన మొదటి మూడు నెలల్లో ఉన్న ఆవుల విషయంలో మరీ జాగ్రత్త.

కాబట్టి పచ్చిమేత ఇంకా మిగిలి ఉండగానే మొదలుపెట్టండి. మొదటి మూడు నాలుగు రోజులు మేతలో నాలుగో వంతు కొత్తది, మూడు వంతులు పాతది. తర్వాత సగం సగం. ఆ తర్వాత మూడు వంతులు కొత్తది. పేడ పలచబడినా, తొట్టిలో మేత మిగిలినా ఆ మెట్టు మీదే ఇంకో రెండు రోజులు ఆగండి. దాణా పెంచాలన్నా ఇదే తీరు: రెండు మూడు రోజులకి అర కిలో మించి పెంచకండి. కొంచెం పచ్చిమేతని చలికాలం చివరిదాకా రోజుకి 5 కిలోలైనా దొరికేలా పొదుపు చేసుకోగలిగితే చాలా మంచిది. ఎండుగడ్డిని కూడా ఆవు ఆ రుచికి ఇష్టంగా తింటుంది, విటమిన్ల లోటూ కొంత తీరుతుంది.

దాణా ఎంత, ఏది

వాడుకలో ఉన్న లెక్క తేలికే. ప్రతి రెండున్నర లీటర్ల పాలకి 1 కిలో దాణా. మేతలో మంచి సైలేజ్‌గానీ పచ్చిమేతగానీ లేక ఉత్త గడ్డి మీదే ఉంటే శరీర పోషణకని మరో కిలో, కిలోన్నర. పప్పుజాతి పచ్చిమేత ఉంటే సుమారు 10 కిలోలకి ఒక కిలో దాణా తగ్గించుకోవచ్చు. ఇది మొదలుపెట్టడానికి లెక్క మాత్రమే. ఆవు ఒళ్లు, పాలు చూసుకుంటూ సరిచేసుకోవాలి.

చలికాలంలో దాణా విషయంలో రెండు రకాల పొరపాట్లు ఎక్కువ. ఒకటి, చలికి బలం కావాలని గింజలు, పిండి గుమ్మరించడం. మొత్తం పొడి పదార్థంలో దాణా సగానికి మించితే, లేదా ఒకే పూటకి 3 కిలోలకి మించి పెడితే పొట్టలో పులుపు పెరిగిపోతుంది. నెమరు తగ్గుతుంది, పేడ నురగగా పలచబడుతుంది, వెన్న శాతం పడిపోతుంది. ఎక్కువ దాణా కావాలంటే పూటలు పెంచి మూడు నాలుగు సార్లుగా పంచండి.

రెండోది, పచ్చిమేత పోయాక కూడా పాత దాణానే కొనసాగించడం. పచ్చిమేత, అందులోనూ పప్పుజాతిది, పోయిందంటే మాంసకృత్తులు పోయాయి. మొక్కజొన్న సైలేజ్‌లో శక్తి బాగానే ఉంటుంది కానీ మాంసకృత్తులు 8 శాతం దగ్గరే ఉంటాయి, పాలిచ్చే ఆవుకి మొత్తం మేతలో 14 నుంచి 16 శాతం కావాలి. ఆ లోటు చెక్కలు తీర్చాలి. అందుకని సైలేజ్ మీదికి వచ్చిన రోజుల్లో దాణాలో గింజల వాటా కాస్త తగ్గించి వేరుశనగ, సోయా, పత్తి, కొబ్బరి చెక్కల్లో దొరికినదాన్ని పెంచండి. ఖనిజ లవణ మిశ్రమం ప్యాకెట్ మీద ఉన్న మోతాదులో రోజూ దాణాలోనే కలపండి, ఉప్పు 30 గ్రాములు. గడ్డి బాగా తెల్లబడి ఉంటే విటమిన్ ఎ, డి, ఇ కలిసిన మిశ్రమం ఎంచుకోవడం మంచిది.

నీళ్లు

మేత గురించి ఎంత చెప్పినా, చలికాలంలో పాలు తగ్గడానికి నేను మొదట అనుమానించేది తొట్టినే. పాలలో 87 శాతం నీళ్లు. ఆవు ఒక లీటరు పాలకి 3 నుంచి 5 లీటర్ల నీళ్లు తీసుకోవాలి.

ఇక్కడ చాలామందికి తట్టని లెక్క ఒకటుంది. నిన్నటిదాకా 30 కిలోల పచ్చిగడ్డి తిన్న ఆవుకి ఆ గడ్డిలోనే దాదాపు 24 లీటర్ల నీళ్లు అందేవి. దాని బదులు అంతే పొడి పదార్థం ఉన్న ఎండుగడ్డి ఆరేడు కిలోలు పెడితే అందులో ఉండేది లీటరు కన్నా తక్కువ. అంటే ఆవు ఆ 20 లీటర్లకి పైగా నీళ్లని ఇప్పుడు తొట్టిలో అదనంగా తాగాలి. అదీ నీళ్లు ఏడాదిలో అన్నిటికన్నా చల్లగా ఉండే రోజుల్లో! చల్లటి నీళ్లని ఆవు మూతి పెట్టి నాలుగు గుక్కలు తాగి వదిలేస్తుంది. నీళ్లు తగ్గితే ఎండుమేత తినడం తగ్గుతుంది, మేత తగ్గితే పాలు తగ్గుతాయి. ఇదంతా రెండు మూడు రోజుల్లో జరిగిపోతుంది. దాణా మారిస్తే దీనికి మందు కాదు.

నీళ్లు వేడి చేయాలా? 5 డిగ్రీల నీళ్లు 40 లీటర్లు తాగితే వాటిని ఒంటి వేడికి తేవడానికి 1,300 కిలో క్యాలరీలకి పైగా పడుతుంది. లీటరు పాలలో ఉండేది 700 చిల్లర. దీన్ని చూపించి రెండు లీటర్ల పాలు చల్లనీళ్లలో కొట్టుకుపోతున్నాయని చెబుతుంటారు కానీ అది పూర్తి నిజం కాదు. బాగా మేసే ఆవు పొట్టలో ఎలాగూ మిగిలిపోయే వేడి ఉంటుంది, ఆ పనిలో ఎక్కువ భాగం దానితోనే అయిపోతుంది. నులివెచ్చటి నీళ్లతో అసలు లాభం వేరు: ఆవు ఎక్కువ తాగుతుంది, అందుకని ఎక్కువ తింటుంది. కాబట్టి పొయ్యి పెట్టి కాచనక్కర్లేదు. 15 డిగ్రీల పైన ఉంటే చాలు. భూమిలోంచి అప్పుడే తోడిన నీళ్లు తెల్లవారుజామున తొట్టిలో రాత్రంతా నిలిచిన నీళ్లకన్నా వెచ్చగా ఉంటాయి. రాత్రి నీళ్లు వంచేసి ఉదయం తాజాగా నింపండి. పాలు పితికిన వెంటనే ఆవుకి దాహం ఎక్కువ, ఆ వేళకి తొట్టి నిండుగా, దగ్గరగా ఉండాలి. కుడితి అలవాటుంటే దాన్ని గోరువెచ్చగా ఇవ్వడం చలికాలంలో నీళ్లు పట్టించడానికి మంచి ఉపాయం. మంచు పడే చోట్ల తొట్టిలో పేరుకున్న పెచ్చుని రోజుకి రెండుసార్లైనా పగలగొట్టాలి. పాలిచ్చే ఆవు మంచు నాకి దాహం తీర్చుకోలేదు.

తొట్టికి పాచి పట్టి ఉంటే మాత్రం వెచ్చటి నీళ్లు పోసినా లాభం లేదు. వారానికోసారి తోమండి.

ఏ పూట ఏది పెట్టాలి

గడ్డి అరిగేటప్పుడు పుట్టే వేడి మేత వేసిన కొన్ని గంటల తర్వాత పెరుగుతుంది. అందుకే గడ్డిలో పెద్ద వాటా సాయంత్రం వేయండి, రాత్రి చలికి అది అక్కరకొస్తుంది. పగలు మూడో వంతు, సాయంత్రం మిగతాది అనుకుంటే సరిపోతుంది. చలికాలపు రాత్రి పొడవు కాబట్టి సాయంత్రం ఆరింటికి గడ్డి వేసి మళ్లీ పొద్దున ఆరింటిదాకా తొట్టి ఖాళీగా వదలకుండా, పడుకోబోయే ముందు ఒకసారి వెళ్లి మిగిలిన గడ్డిని ముందుకి నెట్టండి. మళ్లీ మేత వేసే వేళకి తొట్టిలో నూటికి నాలుగైదు పాళ్లు మిగిలి ఉంటే ఆవు కడుపునిండా తిన్నట్టు. నాకేసి శుభ్రంగా ఉంటే చాలలేదన్నమాట.

ఉదయం మొదట కాస్త గడ్డి, తర్వాతే దాణా. సైలేజ్ మాత్రం పాలు పితికిన తర్వాతే. ముందు పెడితే ఆ వాసన పాలకి పడుతుంది. పితికాక మేత వేస్తే ఇంకో ఉపయోగం కూడా ఉంది: ఆవు అరగంటసేపు నిలబడే ఉంటుంది, ఈలోగా చన్నుల రంధ్రాలు మూసుకుంటాయి, పొదుగువాపు ముప్పు తగ్గుతుంది.

తడి, గాలి వస్తే లెక్క మారుతుంది

మొదట్లో ఆవు చలికి బెదరదన్నాను కదా, అది పొడి ఒంటి మాట. ఒళ్లు తడిసిందా, 15 డిగ్రీల దగ్గరే దానికి చలి మొదలవుతుంది. ఆ హద్దు నుంచి ఒక్కో డిగ్రీ తగ్గేకొద్దీ శరీర పోషణకి కావలసిన శక్తి సుమారు 2 శాతం పెరుగుతుంది. 5 డిగ్రీల్లో వానకి తడిసి నిలబడ్డ 400 కిలోల ఆవుకి 20 శాతం అదనం కావాలి. దాణాలో చెప్పాలంటే ముప్పావు కిలో. తక్కువ పాలిచ్చేవి, బక్కచిక్కినవి ముందు దెబ్బతింటాయి, ఎందుకంటే వాటి పొట్టలో పుట్టే వేడి తక్కువ. ఆ ముప్పావు కిలో పెట్టడం కన్నా తడవకుండా చూడటం చవక. కింద పొడిగడ్డి పరిచి రోజూ మార్చండి, గాలి వచ్చే వైపు పరదా కట్టండి. అలాగని కొట్టం నలువైపులా మూసేయకండి. లోపల తేమ, మూత్రపు ఘాటు నిండితే ఊపిరితిత్తుల జబ్బులు వస్తాయి, ఆవు మేతే ముట్టదు. పైభాగంలో గాలి పోయే దారి ఉండాలి.

మంచు పొద్దుల్లో పొలం మేత గురించి మూడు మాటలు. లూసర్న్, బర్సీమ్ లాంటి పప్పుజాతి పచ్చిమేత మీద మంచు తడి ఆరకముందు ఆకలిగా ఉన్న ఆవుల్ని వదిలితే కడుపుబ్బరం వస్తుంది. ముందు ఎండుగడ్డి వేసి, తడి ఆరాక మేపండి. గడ్డకట్టే మంచుకి మాడిన జొన్న, సూడాన్ గడ్డిలో సైనైడ్ విషం పెరుగుతుంది, లేత పిలకల్లో మరీను. కనీసం వారం ఆగి, పూర్తిగా ఎండాకే కోయండి. ఇక ఎరువు ఎక్కువేసి ఎదుగుదల ఆగిన పైరులో చేరే నైట్రేట్ కూడా విషమే, అది ఎండబెట్టినా పోదు, అలాంటి గడ్డి అనుమానమొస్తే పరీక్ష చేయించకుండా వేయకండి.

చూడి ఆవులు, దూడలు

పాలివ్వడం లేదని వట్టిపోయిన చూడి ఆవుకి మిగిలిన గడ్డి వేయడం మామూలే. కానీ కడుపులో దూడ బరువులో సగానికి పైగా పెరిగేది చివరి రెండు నెలల్లోనే. ఒళ్లుని 1 నుంచి 5 మార్కుల్లో కొలిస్తే ఈనేటప్పటికి 3 నుంచి 3.5 ఉండాలి: పక్కటెముకలు చేతికి తగలాలి కానీ దూరం నుంచి లెక్కపెట్టేలా ఉండకూడదు. చివరి మూడు వారాల్లో లూసర్న్ లాంటి కాల్షియం ఎక్కువున్న మేత దట్టంగా పెడితే ఈనాక పాలజ్వరం, అంటే రక్తంలో కాల్షియం పడిపోయి ఆవు కూలబడే జబ్బు, ముప్పు పెరుగుతుంది. ఆ రోజుల్లో మామూలు గడ్డి, కొద్దికొద్దిగా పెంచే దాణా మేలు.

అప్పుడే పుట్టిన దూడకి 15 డిగ్రీల కిందే చలి మొదలవుతుంది. ఒళ్లు ఆరేలా తుడిచి, రెండు గంటల్లోపు జున్నుపాలు తాగించి, చలి రోజుల్లో పాలు ఒక పూట అదనంగా ఇవ్వండి.

రోజూ కంటితో చూడాల్సినవి

మధ్యాహ్నం మేత అయ్యాక పడుకున్న ఆవుల్ని ఒక నిమిషం చూడండి. కనీసం సగం నెమరు వేస్తూ ఉండాలి. లేకపోతే గడ్డి తక్కువైందో, మరీ సన్నగా నరికారో. పేడ కుప్పలా నిలిచి మధ్యలో గుంట పడితే సరిగ్గా ఉన్నట్టు. గట్టిగా ఉండలు కడితే నీళ్లో మాంసకృత్తులో చాలట్లేదు, పారితే దాణా ఎక్కువైంది. గింజలు అలాగే వస్తుంటే ఇంకాస్త మెత్తగా ఆడించాలి.

వెన్న శాతం చలికాలంలో సహజంగా కొంచెం పెరుగుతుంది. అందరికీ పెరిగే రోజుల్లో మీకు తగ్గిందంటే దాణా, గడ్డి పాళ్లు తప్పాయి. ఈనిన కొత్తలో పాలు తగ్గి వెన్న మాత్రం అమాంతం పెరిగి ఆవు చిక్కిపోతుంటే, తిన్నది చాలక ఒంటి కొవ్వు కరుగుతోంది. డాక్టర్‌కి చూపించండి.

లైటు సంగతి

ఇది మేత కాదు గానీ మేతతో ముడిపడ్డ విషయం. పాలిచ్చే ఆవులకి రోజుకి 16 నుంచి 18 గంటలు మంచి వెలుతురు, మిగతా 6 నుంచి 8 గంటలు చీకటి ఇస్తే కొన్ని వారాల్లో రోజుకి సుమారు 2 లీటర్ల దాకా పాలు పెరుగుతాయని పరిశోధనల్లో తేలింది. ఆవు దానికి తగ్గట్టు ఎక్కువ తింటుంది, కాబట్టి మేత లేకుండా లైటు మాత్రమే వేస్తే ఉపయోగం లేదు. రాత్రంతా వెలిగించి ఉంచినా పనిచేయదు, చీకటి కూడా కావాలి. వట్టిపోయిన ఆవులకి ఇది తిరగబడుతుంది. వాటికి తక్కువ వెలుతురే మంచిది.

మళ్లీ పచ్చిమేతకి వచ్చేటప్పుడు

చలి తగ్గి కొత్త గడ్డి లేవగానే ఆవుల్ని పూర్తిగా దాని మీద వదిలేయాలనిపిస్తుంది. వెళ్లేటప్పుడు ఎంత నెమ్మదిగా వెళ్లామో వచ్చేటప్పుడూ అంతే నెమ్మదిగా రావాలి. మొదటి రోజుల్లో పొద్దున ఎండుగడ్డి తినిపించి, గంటా రెండు గంటలు మాత్రమే మేపండి, రెండు వారాల్లో పెంచుకుంటూ పోండి. లేత గడ్డిలో పీచు తక్కువ కాబట్టి పాలు పెరిగి వెన్న శాతం కొన్నాళ్లు పడిపోతుంది, కంగారు అక్కర్లేదు. దానికన్నా ముఖ్యంగా చూడాల్సింది మెగ్నీషియం. లేత గడ్డిలో అది తక్కువ, ఎక్కువ పాలిచ్చే పెద్ద వయసు ఆవులకి లోటు త్వరగా వస్తుంది. ఆ నెలరోజులు మెగ్నీషియం ఉన్న ఖనిజ మిశ్రమం ఆపకండి. ఆవు చీటికిమాటికి బెదురుతున్నా, కండరాలు అదురుతున్నా, నడకలో తూలుతున్నా రేపు చూద్దామనుకోవద్దు. గంటల్లో ప్రాణం తీసే జబ్బు అది. వెంటనే డాక్టర్‌ని పిలిచి మెగ్నీషియం ఎక్కించాలి.